అంచు మీద పేరు

పందిరి గేటు దగ్గర మాలతి కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన వెదురు బుట్ట ఉంది. లోపలికి వచ్చే ఆడవాళ్ళ చేతిలో పాలిథిన్ కవరు కనిపిస్తే చెయ్యి చాస్తుంది. వాళ్ళు పూలు, కొబ్బరికాయ పైకి తీసుకుని కవరు ఇస్తారు. దాన్ని ఆమె రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు పట్టుకుని, బుట్టలో వేస్తుంది.

"ఇంట్లో సంచీ లేదా పిన్నీ?"

"ఉందమ్మా. తొందర్లో మరిచిపోయా."

"సంచీలు పంచిన రోజు మాత్రం ఫొటోకి ముందు వరసలో నిలబడ్డారు. ఆ రోజు తొందర లేదు కాబోలు."

పిన్ని లోపలికి వెళ్ళింది. మాలతి ఆమె వీపు చూసి నవ్వింది. ఉగాదికి సంఘం తరఫున గుడ్డ సంచీలు పంచారు. అవి ఏ ఇంట్లో ఏం చేస్తున్నాయో మాలతికి తెలుసు. ఒకరింట్లో మిక్సీకి ముసుగు. ఒకరింట్లో ఉల్లిపాయలు. రమణమ్మగారింట్లో అయితే పాలిథిన్ కవర్లు మడతపెట్టి దాచుకునేది ఆ సంచీలోనే.

ఆ హిందీ ఊళ్ళో రైల్వే వర్క్‌షాపు వాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ తెలుగు సంఘం వాళ్ళు ఏటా వినాయకుణ్ణి నిలబెడతారు. ఆదివారం నిమజ్జనం. ఆ మధ్యాహ్నం అన్నదానం. ప్లాస్టిక్ లేని మండపాలకు ఈసారి నగరంలో పోటీ పెట్టారు. జడ్జీలు ఆ భోజనాల వేళకే వస్తామన్నారు. సంఘం పేరు రాసి పంపింది మాలతి. థర్మాకోల్ పళ్ళాలు మానేసి, సామాన్ల గదిలో గోనెల కింద పడి ఉన్న స్టీలు కంచాలు బయటికి తీయించిందీ ఆమే. 'బర్తన్ బ్యాంకు', అంటే గిన్నెల బ్యాంకు అని పేరు పెట్టింది. కాలనీలో ఎవరింట్లో పెళ్ళయినా, బారసాల అయినా ఆ కంచాలు తీసుకెళ్ళి వాడుకుని, తోమి తిరిగి ఇవ్వాలని ఆమె ఆలోచన. ప్రెసిడెంటు అప్పారావుకి అది నచ్చలేదు.

"తినేవాళ్ళు దొరుకుతారు మాలతీ. తోమేవాళ్ళు దొరకరు. ఈ ఒక్క ఏడూ చూస్తాను. ఆదివారం బాగా జరిగితే ఆ గది నీది, తాళంచెవి కూడా నీదే. జరక్కపోతే కంచాలు పాత సామాన్లు కొనే కబాడీవాడికి, గది క్యారమ్ బోర్డుకి."

తోమేవాళ్ళు దొరికారు. కాలనీ వెనక, పట్టాలకు అవతలి బస్తీలో ఉండే దాలమ్మను పిలిపించారు.

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మాలతి కుళాయి దగ్గరికి వెళ్ళింది. దాలమ్మ గట్టు మీద గొంతుక్కూర్చుని ఉంది. చీర మోకాళ్ళ దాకా దోపింది. ఎడమ పక్క ఎంగిలి కంచాలు, కుడి పక్క తోమినవి. కొబ్బరి పీచు బూడిదలో అద్ది, కంచాన్ని తొడకు ఆనించి, మధ్య నుంచి అంచుకు తిప్పుతోంది. ప్లాస్టిక్ పీచు వద్దని మాలతి మొదటిరోజే చెప్పింది. దాలమ్మ అప్పుడు నవ్వి, "అదేటో నానెప్పుడూ కొన్నేదమ్మా" అంది.

మాలతి తోమిన కంచం ఒకటి తీసి వెలుతురుకు పెట్టింది. ప్రతి కంచం అంచు మీదా ఇచ్చినవాళ్ళ పేరు చెక్కి ఉంది.

"అక్షరాల్లో మెతుకులు ఇరుక్కుంటున్నాయి దాలమ్మా. అంచు కింద సరిగ్గా తోము. చూసేవాళ్ళు అక్కడే చూస్తారు."

"తోముతున్నానమ్మా." దాలమ్మ గాజుకున్న పిన్నీసు తీసి చేతిలోని కంచం అంచు మీద గీరింది. ఒక్కో అక్షరంలోనూ మొన దించి తీస్తోంది. మిగతా కంచాలకు అలా చెయ్యడం మాలతి చూడలేదు.

"ఏముంది దానికి?"

"మా ఇంటోడిదమ్మా ఇది." కంచం ఇటు తిప్పింది. మిగతా వాటి మీద పేర్లు మిషనుతో చెక్కినవి. దీని మీద చుక్కలు చుక్కలుగా ఉంది. 'అచ్చయ్య' అని. చివరి అక్షరం ఒత్తు పక్కకు పోయింది. "వర్క్‌షాపులో సుత్తీ, మేకూ ఎట్టుకుని ఆడే కొట్టినాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు సంగానికి ఇచ్చినాడు. ఇన్నాల్లకి అగుపడింది."

"ఓహో."

"ఈయేల బువ్వ ఇందులో తింటానమ్మా."

మాలతి చేతిలోని కంచం కింద పెట్టింది. పందిరి వేసిన రోజు రమణమ్మ ఆమెను పక్కకు పిలిచి, "ఆవిడ తిన్న కంచం మళ్ళీ బంతిలో మా ముందు పెడతావా ఏమిటి?" అని అడిగింది. ఆ మాట విని మాలతి రమణమ్మను అసహ్యించుకుంది. ఈ కాలంలో కూడా ఇలాంటివాళ్ళు ఉన్నారని ఇంట్లో మొగుడితో చెప్పి నవ్వింది. నవ్వాక, పోయినేడు మిగిలిన థర్మాకోల్ పళ్ళాల కట్టలోంచి ఒకటి తీసి దాలమ్మకు ఇచ్చింది. కట్టను మళ్ళీ జంపఖానాల వెనక పెట్టింది. ఆ తర్వాత దాలమ్మ ఇంకోటి అడగలేదు. మాలతికీ అది గుర్తుకు రాలేదు.

"ఇవి బంతిలో కూర్చునేవాళ్ళకి దాలమ్మా. నీకు వేరే ఇచ్చాను కదా. ఒకదానికొకటి కలిస్తే లెక్క తప్పుతుంది."

"తిని నానే గదమ్మా తోమేది. ఏటి తప్పుతాది?"

"వాదించకు."

దాలమ్మ ఆ కంచాన్ని కడిగి, మిగతా వాటిలో కలపకుండా, గట్టు చివర గోడకు ఆనించి ఆరబెట్టింది. అన్నం మాత్రం గోడ వెనక్కి వెళ్ళి తింది.

సాయంత్రం మాలతి పులిహోర సర్దుతోంది. ప్రెసిడెంటు భార్య శ్రీలక్ష్మికి మోకాలి ఆపరేషన్ అయింది. ఆమె పందిరికి రాలేదు. ఆదివారం దాకా అప్పారావు మనసు మారకుండా ఉండాలంటే ఆ ఇంటికి ప్రసాదం ముందుగా వెళ్ళాలి. మాలతి ఇటూ అటూ చూసింది. గట్టు చివర ఒక కంచం పొడిగా కనిపించింది. తెచ్చి, పేరు చూడకుండానే పులిహోర పెట్టి, పైన అరిటాకు కప్పి, సంఘం వాచ్‌మన్ సూరిబాబు చేతికిచ్చింది.

"తొణక్కుండా పట్టుకెళ్ళు. మాలతి పంపిందని చెప్పు. పేరు చెప్పడం మర్చిపోకు."

*

శుక్రవారం దాలమ్మ పనిలోకి వస్తూనే కంచాల దొంతరలన్నీ దింపింది. ఒక్కొక్క కంచం అంచు చూసి పక్కన పెట్టింది. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చూసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"మావోడి కంచం అగుపడ్నేదమ్మా."

మాలతి కవర్ల బుట్ట సర్దుకుంటోంది. "సరిగ్గా చూడు."

"రెండుసార్లు సూసినాను. నిన్న గట్టు మీదెట్టినాను. నేదు."

మాలతి లేచి వెళ్ళి లెక్కపెట్టింది. ఒకటి తగ్గింది. పులిహోరతో తాను పంపిన కంచం ఆమెకు గుర్తుకు రాలేదు. కంచాలు పోతాయని అప్పారావు మొదటిరోజే అన్నాడు. ఇది ఆయన చెవిన పడితే గదిని క్యారమ్ బోర్డుకి ఇచ్చెయ్యడానికి ఆదివారం దాకా ఆగడు.

"ఏమయింది?" అంటూ రమణమ్మ వచ్చింది. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు.

"ఒక కంచం లేదు పిన్నీ."

"ఏ కంచం?"

మాలతి దాలమ్మ వైపు చూసింది. "నిన్న తనకు కావాలని అడిగిందే, అది."

రమణమ్మ పెదవి విరిచింది. "సరిపోయింది. కోడిని తిన్నవాడే ఈకలు వెతికాడట."

"ఎవుల్నమ్మా అంటన్నావు?" దాలమ్మ అడిగింది.

"నిన్నేమీ అనలేదు," మాలతి అంది. "నీ సంచీ ఒకసారి చూస్తాను. లేకపోతే లేదు. నీకూ మంచిది కదా, అనుమానం తీరిపోతుంది."

"నా అనుమానం ఏటి తీరాల?"

కుళాయి పక్కన మేకుకు దాలమ్మ సంచీ వేలాడుతోంది. బియ్యం గోనె కోసి చేత్తో కుట్టిన సంచీ అది. కాలనీలో ఇన్నాళ్ళూ రోజూ సంచీతో వచ్చే మనిషి దాలమ్మ ఒక్కతే అన్న సంగతి మాలతి ఎప్పుడూ గమనించలేదు, ఇప్పుడూ గమనించలేదు. సంచీ దించి గట్టు మీద బోర్లించింది. వక్కల పొట్లం. తలనొప్పి మందు సీసా. ఇంటి తాళంచెవి. హిందీ పేపర్లో చుట్టిన పళ్ళెం ఒకటి, గుండ్రంగా.

"అదిగో," అంది రమణమ్మ.

మాలతి పేపరు విప్పింది. లోపల థర్మాకోల్ పళ్ళెం. తెల్లగా కడిగి ఉంది. ఒక అంచున చీలిక. పసుపు మరక తోమగా తోమగా లేత రంగుకు వచ్చింది. మాలతి పందిరి వేసిన రోజు ఇచ్చిన పళ్ళెమే.

"ఇదెందుకు దాచావు?"

"దాసడవేటి? రోజూ కొత్తది ఇస్తన్నావా? ఒకటే ఇచ్చినావు. తిని కడుక్కుంటన్నాను."

వెనకున్న ఒకావిడ కిసుక్కున నవ్వింది. రమణమ్మ అంది, "అయ్యో, అది వాడి పారెయ్యాలి దాలమ్మా. కడుక్కుంటారా ఎవరైనా?"

"పారేత్తే ఈవిడ బుట్టలో ఏత్తాది గదా, నలుగుర్లో అడుగుతాది గదా." దాలమ్మ సామాన్లు ఒక్కొక్కటి సంచీలో వేసుకుంది. పళ్ళేన్ని మళ్ళీ పేపర్లో చుట్టింది. "మాలతమ్మా, కంచం దొరికితే సెప్పించు. దొరక్కపోయినా సెప్పించు. మావోడి పేరు ఎవులింట్లో ఉందో నాకు తెలవాల."

"పని మధ్యలో వెళ్ళిపోతావా? ఆదివారం అంత పెద్ద భోజనాలు పెట్టుకుని?"

"దొంగల సేత అంట్లు తోమించుకుంటారేటమ్మా?"

ఆమె వెళ్ళిపోయాక మాలతి రమణమ్మతో, "వీళ్ళ రోషం రేపు పొద్దుటి దాకా పిన్నీ. కబురంపితే వస్తుంది" అంది. ఆ సాయంత్రం కంచాలు సూరిబాబు తోమాడు. అక్షరాల్లో మెతుకులు అలాగే ఉన్నాయి.

*

శనివారం పది గంటల వేళ సూరిబాబు ప్రెసిడెంటుగారింటి నుంచి వచ్చాడు. చేతిలో స్టీలు కంచం. దాని నిండా గారెలు, పైన గిన్నెతో అల్లం పచ్చడి.

"అమ్మగారు ఇమ్మన్నారండి. కంచం ఖాళీగా పంపకూడదు కదా, అందుకే రెండ్రోజులు ఆపారట. మోకాలు నొప్పి వల్ల పొయ్యి దగ్గర నిలబడలేకపోయారట. ఇవాళ కూతురొచ్చి వేసిందట."

మాలతి కంచం అందుకుంది. బొటనవేలి కింద చుక్కలు తగిలాయి. వేలు తీసి చూడలేదు. గారెలన్నీ అరిటాకులోకి తీసింది. అప్పుడు చూసింది. చివరి అక్షరం ఒత్తు పక్కకు పోయి ఉంది.

సూరిబాబు అక్కడే నిలబడ్డాడు. అతనూ చూశాడు.

"గారెలు తీసుకో సూరిబాబూ."

"వద్దండి."

"తీసుకో. నువ్వు పట్టుకెళ్ళిన కంచం మీద ఏ పేరుందో నువ్వైనా చూసుకోవద్దూ?"

"మీరు ఆకు కప్పి ఇచ్చారండి."

మాలతి కంచం కడిగింది. తుడిచింది. దొంతర ఎత్తి మధ్యలోకి దూర్చింది. రమణమ్మ గారెల వాసన పట్టుకుని వచ్చింది.

"దొరికిందా కంచం?"

"ఆఁ. కుప్పలోనే ఉంది. రెండు అంటుకుపోయి ఉన్నాయి."

"మరి ఆవిడ రెండుసార్లు చూశానంది?"

"వాళ్ళ చూపు సంగతి తెలిసిందే కదా పిన్నీ. గారె తీసుకోండి, శ్రీలక్ష్మిగారు పంపారు."

రమణమ్మ రెండు తీసుకుంది. దాలమ్మ సంగతి ఆ గారెలతో ముగిసింది. ఆవిడను అనవసరంగా అన్నామే అని ఎవరూ అనలేదు. అనాలని మాలతి కాసేపు ఎదురుచూసింది. ఎవరైనా అంటే తానూ ఆ మాట అనొచ్చు. అంతమందిలో ఒక్కరికీ ఆ మాత్రం మర్యాద లేదని అనుకుంది.

మధ్యాహ్నం సూరిబాబును బస్తీకి పంపింది. "కంచం దొరికిందని చెప్పు. రేపు పెందలాడే రమ్మను. ఎక్కడ దొరికిందో చెప్పక్కర్లేదు."

సూరిబాబు ఇల్లూ ఆ బస్తీలోనే. గంటకు తిరిగి వచ్చాడు.

"ఏమంది?"

"తోమడానికి రానందండి."

"రాదా?"

"భోజనానికి వస్తానందండి."

*

ఆదివారం మొదటి బంతి కూర్చోబోతుండగా జడ్జీలు దిగారు. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. వెంట వీరేంద్ర అనే ఫొటోగ్రాఫరు. అప్పారావు మెడలో కండువాతో ఎదురెళ్ళాడు. పోయినేడు ఇదే చోట, 'వాడి పారెయ్యడమే శుభ్రం' అని మైకులో చెప్పిన మనిషి ఇప్పుడు వాళ్ళకు, "బర్తన్ బ్యాంకు మా సంఘం చిరకాల స్వప్నం" అని హిందీలో చెబుతున్నాడు. మాలతి పక్కన నడుస్తూ విన్నది. దిద్దలేదు.

హాల్లో జంపఖానాలు పరిచారు. జనం వరసలుగా కూర్చున్నారు. ముందు స్టీలు కంచాలు, స్టీలు గ్లాసులు. ఎండ కిటికీలోంచి పడి కంచాలు మెరుస్తున్నాయి. వీరేంద్ర మోకాళ్ళ మీద కూర్చుని ఫొటో తీశాడు. జడ్జి ఆవిడ కంచం ఒకటి ఎత్తి అంచు చూసింది. పేర్లు ఎందుకని అడిగింది. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే వాళ్ళ జ్ఞాపకంగా కంచాలు ఇవ్వడం మావాళ్ళ అలవాటని మాలతి చెప్పింది. "బహుత్ సుందర్," అంది ఆవిడ, రాసుకుంటూ.

అప్పుడు దాలమ్మ వచ్చింది.

గంజి పెట్టిన నీలం చీర కట్టుకుంది. తల దువ్వి ముడి వేసుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వరస వెంట నడిచి, రమణమ్మ పక్కన ఖాళీ ఉంటే కూర్చుంది. రమణమ్మ చీర దగ్గరికి లాక్కుంది. దాలమ్మ ముందు కంచం లేదు. ఆమె సంచీలోంచి పేపరు పొట్లం తీసింది. విప్పింది. థర్మాకోల్ పళ్ళెం ముందు పెట్టుకుంది. గ్లాసులోని నీళ్ళు చిలకరించి చేత్తో తుడిచింది. వడ్డన కోసం తలెత్తింది.

జడ్జీలు అదే వరసలో, అవతలి కొసన ఉన్నారు. ఇటే వస్తున్నారు.

అప్పారావు చూశాడు. మాలతి మోచెయ్యి పట్టుకుని తెలుగులో, నవ్వు ముఖం చెదరకుండా అన్నాడు: "ఏమిటది? ఎవరిచ్చారు దానికి? తీసెయ్. లేపి బయటికి పంపు."

మాలతి వెళ్ళి దాలమ్మ ముందు వంగింది.

"అది ఇలా ఇచ్చెయ్ దాలమ్మా."

"ఎందుకమ్మా? నువ్విచ్చిందే గదా."

"వాళ్ళు వస్తున్నారు."

"రానీ. ఎవులిచ్చినారంటే నీ పేరు సెప్తాను. పేరు సెప్పడం మర్సిపోను."

మాలతి వెనక్కి తిరిగింది. రెండో బంతికి పేర్చిన దొంతరల దగ్గరికి వెళ్ళి కంచాలు అటూ ఇటూ జరిపింది. పేర్లన్నీ ఒక్కలాగే కనబడ్డాయి. చివరికి వేళ్ళతో అంచులు తడిమింది. చుక్కలు తగిలాయి. ఆ కంచం లాగి తెచ్చి దాలమ్మ ముందు పెట్టింది.

దాలమ్మ దాన్ని చూసింది. ముట్టుకోలేదు.

"కాళీ కంచం పంపకూడదంట గదమ్మా పెసిడెంటుగారింట్లో. నాకు మట్టుకు కాళీది తెచ్చినావేటి?"

రమణమ్మ తల తిప్పింది. "ప్రెసిడెంటుగారిల్లేమిటి?" అని అడిగింది. సూరిబాబు సాంబారు బకెట్టు పట్టుకుని గోడ వైపు చూస్తున్నాడు.

జడ్జీలు ఇంకో నలుగురిని దాటితే ఇక్కడికి వస్తారు. మాలతి కంచం తీసుకుంది. వడ్డన బల్ల దగ్గరికి వెళ్ళి అన్నం పెట్టింది. పప్పు, వంకాయ కూర, పులిహోర. ఒక గారె. తెచ్చి, మోకాలు నేలకు ఆనించి పెట్టింది. రెండో చేత్తో థర్మాకోల్ పళ్ళెం లాగి కొంగు కింద నడుముకు అదిమింది. అది చిటుక్కుమంది.

జడ్జి ఆవిడ ఆగింది. చుక్కల అక్షరాలు వేలితో తడిమి, ఈవిడెవరని అడిగింది.

"యే హమారీ సదస్యా హైఁ," అంది మాలతి. "యే థాలీ ఇన్‌కే పతి నే దీ థీ."

పందిరి వేసిన రోజు నుంచీ నువ్వు అన్న మనిషిని ఆమె హిందీలో 'వీరు మా సంఘం సభ్యురాలు, ఈ కంచం వీరి భర్త ఇచ్చారు' అంది. దాలమ్మకు హిందీ బాగానే వచ్చు. పప్పు కలుపుకుంటూ తల దించే ఉంచింది. రమణమ్మ కూడా తల దించి తింటోంది. లేచి వెళ్ళిపోవచ్చు, కానీ వీరేంద్ర కెమెరా అటే ఉంది.

దాలమ్మ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. పెరుగు దాకా తింది. బంతి లేచినప్పుడు అందరితో పాటు లేచింది. అందరూ వదిలినట్టే కంచం ముందే వదిలేసింది. బయట చెయ్యి కడుక్కుని, చెప్పులు తొడుక్కుని, మాలతి దగ్గర ఆగింది.

"నా పళ్ళెం ఇయ్యమ్మా."

మాలతి కొంగు కింద నుంచి తీసింది. రెండు ముక్కలయింది.

"ఇరగ్గొట్టీసినావా." దాలమ్మ ముక్కలు రెండూ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇన్నాల్లు నా కాడ పాడవనేదు." ముక్కల్ని మాలతి చేతిలోనే ఉంచి గేటు దాటింది. వెదురు బుట్ట అక్కడే ఉంది.

నాలుగు గంటలకు ఫలితం ఫోన్లో వచ్చింది. మొదటి బహుమతి. అప్పారావు మైకు పట్టుకుని తన పేరుతో మొదలుపెట్టి సంఘం పేరుతో ముగించాడు. డీజే మొదలైంది. వినాయకుణ్ణి బండి ఎక్కిస్తున్నారు. కుళాయి దగ్గర ఎంగిలి కంచాలు గట్టు దాటి నేల మీదికి వచ్చాయి. ఈగలు ముసురుతున్నాయి. మాలతి ఒక్కొక్కరినీ అడిగింది. రమణమ్మకు నడుం నొప్పి. ఒకావిడకు కొత్త చీర. ఇంకొకావిడ, "ఇతరుల ఎంగిలి తోమడం మా ఇంటావంటా లేదమ్మా" అంది. సూరిబాబు బండి వెంట వెళ్ళాడు.

అప్పారావు ఆగి, ఆ గుట్ట వైపు చూపించాడు. "గెలిచాం సరే. ఇవి రాత్రిలోగా గదిలోకి వెళ్ళాలి. లేకపోతే రేపు కబాడీవాణ్ణి పిలుస్తా."

మాలతి పట్టుచీర మోకాళ్ళ దాకా దోపింది. గట్టు మీద గొంతుక్కూర్చుంది. బూడిదలో పీచు అద్దింది. మొదటి కంచానికి బూడిద మోచేతి దాకా పాకింది. కంచాన్ని తొడకు ఆనించాలని ఆమెకు పది కంచాలు అయ్యాక తెలిసింది.

"మేడమ్! వాహ్!" వీరేంద్ర వెళ్ళబోతూ ఆగాడు. కెమెరా తీశాడు. మాలతికి ముందే తెలుసు, రేపు పేపర్లో ఈ ఫొటో కింద ఏం రాస్తారో. సేవ అంటారు. ఆదర్శం అంటారు. పిన్నులందరూ గ్రూపులో చప్పట్లు పెడతారు.

"థోడా ఊపర్ దేఖియే. ముస్కురాయియే."

ఆమె తలెత్తలేదు, నవ్వలేదు. చేతిలో ఉన్న కంచాన్ని వెలుతురుకు తిప్పింది. చుక్కల్లో పప్పు ఎండిపోయి ఉంది. పీచుతో రుద్దింది. గోటితో గీరింది. చివరి అక్షరం ఒత్తులో ఉన్నది మాత్రం రాలేదు.

"మేడమ్?"

మాలతి గాజుకున్న పిన్నీసు కోసం తడుముకుంది.